అనుకరణ నాదము

1612వ సంవత్సరము సెప్టెంబరు నెలలో థామస్ బెస్ట్ అను నావికుని నాయకత్వమున ఆంగ్ల నౌకలు సూరతు రేవును చేరినవి. ఆ నౌకలలో వచ్చినవారిలో ఇద్దరు వాద్యగాండ్రు ఉన్నారు. లాన్సెలాట్ కానింగ్ వర్జినల్ అను చిన్న తంత్రీ పేటికను వాయించువాడు. రాబర్ట్ ట్రల్లీ కార్నెట్ అను కొమ్ము వంటి వాద్యమును ఊదువాడు. మరుసటి సంవత్సరము ఈ ఇరువురును సూరతు నుండి ఆగ్రాకు, జహంగీరు చక్రవర్తి కొలువునకు పంపబడినారు. వర్జినల్ అక్కడివారి చెవికి ఎక్కలేదు. కార్నెట్ మాత్రము చక్రవర్తిని ఆకర్షించినది. ఆయన దానిని స్వయముగా ఊది చూచి, అటువంటివే మరికొన్ని చేయుడని తన పనివాండ్రను ఆజ్ఞాపించినట్లు ఆ కాలమున కంపెనీ ఉద్యోగిగా ఉన్న నికొలస్ విథింగ్టన్ తన వృత్తాంతములో వ్రాసినాడు.

పనివాండ్రు ఒక కొమ్మును కొలిచి మరొక కొమ్మును చేయగలరు. పొడవునకు పొడవు, రంధ్రమునకు రంధ్రము సరిపోవును. కాని చక్రవర్తి కోరినది కొమ్మును కాదు, ఆ కొమ్ములో పలికిన నాదమును. నాదమును కొలుచుట ఎట్లు? ఒక వాద్యపు ధ్వనిని మరొక వాద్యమున పలికించునప్పుడు దానిలో దేనిని తీసుకొనవలెను, దేనిని విడువవలెను? ఇరువదవ శతాబ్దమున విద్యుత్తుతో పలుకు వాద్యములు పుట్టిన పిమ్మట ఈ ప్రశ్న పాండిత్య చర్చగా మిగులలేదు; వాద్యము ముందు కూర్చున్న ప్రతి వాదకుడును దానికి సమాధానము చెప్పవలసి వచ్చినది. గిటార్ తంత్రులను మీటి పాత ఆర్గన్ నాదమును, వేణు నాదమును, తొలినాటి సింథసైజర్ నాదమును పుట్టించు గిటార్ సింథసైజర్ చరిత్ర ఆ సమాధానముల చరిత్రయే.

సూరతు నగరమునకు అనుకరణ క్రొత్త విషయము కాదు. కంచి, గద్వాల, ధర్మవరము చీరెల అంచులలో మెరయు జరీ ఎంతో కాలముగా ఈ నగరము నుండి వచ్చుచున్నది. అసలు జరీలో పట్టు దారము చుట్టును చదును చేసిన వెండి తీగ చుట్టబడి, దానిపై బంగారు పూత ఉండును. తరువాత వెండికి బదులుగా రాగి తీగ వచ్చినది. ఆ తరువాత లోహపు పూత గల పాలియెస్టరు పొర వచ్చినది. దూరము నుండి చూచినవారికి మూడును ఒకే రీతిగా మెరయును. కాని పాలియెస్టరు జరీకి వెండి బరువు లేదు. పాత చీరె చినిగిపోయిన పిమ్మట దానిని కరగించి వెండిని రాబట్టుకొనుటకు వీలు లేదు. అనగా, అనుకరించినవాడు మెరుపును ఉంచుకొని బరువును విడిచిపెట్టినాడు. ఇది తప్పు కాదు. ఏ జరీని ఆ జరీ పేరుతోనే అమ్మినంత వరకు ఇందులో మోసము లేదు. ప్రతి అనుకరణయు ఇట్టి ఒక ఎంపికయే. ఆ ఎంపికను తెలిసి చేసినవాడు పనివాడు; తెలియక చేసినవాడు, చేసియు దాచినవాడు వేరు.

నాదముల విషయమున ఇట్టి ఎంపికకు ప్రసిద్ధమైన భారతీయ నిదర్శనము 1954లో కనిపించును. ఆ సంవత్సరము విడుదలయైన ‘నాగిన్’ అను హిందీ చిత్రమునకు హేమంత కుమార్ సంగీత దర్శకుడు. అందు పాములవాని నాగస్వరము పలుకవలెను. దానిని పలికించినది నాగస్వరము కాదు, క్లావియోలిన్ అను విద్యుద్వాద్యము. వాయించినవాడు గుజరాతులోని కచ్ఛ ప్రాంతమునకు చెందిన కల్యాణ్‌జీ వీర్జీ షా. ఆయన తరువాతి కాలమున సోదరుడు ఆనంద్‌జీతో కలిసి సంగీత దర్శకుడుగా ప్రఖ్యాతి గాంచినాడు. క్లావియోలిన్‌ను 1947లో ఫ్రాన్సు దేశీయుడైన కాన్‌స్టంట్ మార్టిన్ రూపొందించినాడు. అది చిన్న మెట్ల పలక గల పెట్టె. లోపలి వాల్వులు విద్యుత్కంపనమును పుట్టించును. ఒక క్షణమున ఒకే స్వరము పలుకును. మోకాలితో నొక్కు మీట చేత ధ్వని హెచ్చి తగ్గును.

ఇక అసలు నాగస్వరము సంగతి. సొరకాయ బుర్రకు రెండు వెదురు గొట్టములు తగిలించబడి ఉండును. ఒకదానిలో రాగము, రెండవదానిలో ఎడతెగని శ్రుతి పలుకును. ఊదువాడు బుగ్గలలో గాలిని నిలువజేసికొని ముక్కుతో శ్వాస తీసుకొనును. కావున ఊపిరి తీసుకొను చోట నాదము తెగదు. క్లావియోలిన్‌కు ఊపిరియే లేదు గనుక ఈ తెగనితనము దానికి సహజముగా అబ్బినది. నాగస్వరపు గీర ధ్వని, అదురు, ఒక స్వరము నుండి మరొక స్వరమునకు జారు నడక కూడ దానికి సాధ్యమైనవి. శ్రుతి గొట్టమును మాత్రము అది ఒంటరిగా పలికింపజాలదు. కల్యాణ్‌జీ తెగనితనమును తీసుకొన్నాడు, జంట ధ్వనిని విడిచినాడు. ఆ ఎంపిక ఎంతగా ఫలించినదనగా, నేటి శ్రోతలలో పెక్కుమందికి నాగస్వరమనగానే చెవిలో మెదలునది ఆ విద్యుద్వాద్యపు నాదమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట పాములాట క్రమముగా వీథుల నుండి తొలగినది. అసలు వినిపించుట తగ్గినకొలది నకలు అసలు స్థానమును ఆక్రమించినది. పెండ్లి ఊరేగింపులలో బ్యాండువారి సన్నాయి కొమ్ములు, కీబోర్డులు నేడు అనుకరించునది పాములవానిని కాదు. పాములవానిని అనుకరించిన క్లావియోలిన్‌ను.

క్లావియోలిన్‌లో నాదముల సంఖ్య పరిమితము. నాదమును మొదటి నుండి నిర్మించు సంపూర్ణ పరికరము గుజరాతునకు 1969లో వచ్చినది. సూరతునకు ఉత్తరమున సుమారు 260 కిలోమీటర్ల దూరములోనున్న అహమదాబాదు నగరమున, జాతీయ డిజైన్ సంస్థలో, అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో ఒక ధ్వనిశాలను నెలకొల్పినాడు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా మొదలగువారు అక్కడ పనిచేసినారు. కొన్ని సంవత్సరములకే ఆ పని ఆగిపోయినది. వారు నింపిన టేపులు దశాబ్దముల పాటు సంస్థ భాండాగారమున పడియుండి, పరిశోధకుడు పాల్ పర్గస్ కృషి వలన 2023లో ప్రచురణ పొందినవి. మూగ్ యంత్రము నేర్పిన పాఠము ఒకటి ఉన్నది. ఏ నాదమైనను నాలుగు ప్రశ్నలకు సమాధానము: ఏ కంపనముతో పుట్టినది, ఎట్లు మొదలైనది, ఏ ఉపస్వరములు వడపోతలో మిగిలినవి, ఎట్లు అంతమైనది. ఈ నాలుగింటికి తగిన అంకెలు అమర్చుటయే సింథసైజర్ ప్రోగ్రామింగ్.

ఈ అమర్చుట అను పని సూరతు మరమగ్గముల మధ్య బ్రతుకువారికి, వారిలో తెలంగాణము నుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములకు, వివరింప బనిలేదు. జకార్డు మగ్గముపై అట్టలోని రంధ్రము ఉన్న చోట పడుగు పోగు లేచును, లేని చోట లేవదు. పువ్వు మగ్గములో లేదు, అట్టలో ఉన్నది. అట్లే నాదము సింథసైజర్‌లో లేదు, అమరికలో ఉన్నది. అయితే పాత చీరె పువ్వును అట్టపైకి ఎక్కించువాడు ముందుగా ఆ చీరెను తిరగవేసి, నేత ఎట్లు సాగినదో చూచును. పాత నాదమును అమర్చువాడును చేయవలసినది అదియే.

గిటార్‌ను సింథసైజర్‌తో కలుపుట మెట్ల వాద్యమును కలుపుట వంటిది కాదు. మెట్టు నొక్కినంతనే ఏ స్వరమో యంత్రమునకు తెలియును. తంత్రిని మీటినప్పుడు కంపనమును విని, లెక్కించి, స్వరమును కనుగొనవలెను. గిటార్ అడుగు తంత్రి సెకనుకు సుమారు 82 సార్లు కంపించును. ఒక కంపనము పూర్తియగుటకు 12 మిల్లీసెకనులు పట్టును. పై తంత్రి సెకనుకు సుమారు 330 సార్లు కంపించును. దాని కంపనమునకు 3 మిల్లీసెకనులు చాలును. యంత్రము ఒకటి రెండు కంపనములైనను వినినగాని నిర్ణయింపజాలదు. కావున అడుగు తంత్రి సమాధానము ఆలస్యముగాను, పై తంత్రి సమాధానము త్వరగాను వచ్చును. పైగా మీటిన తొలి క్షణమున తంత్రిలో గోటి చప్పుడు తప్ప స్థిరమైన స్వరము ఉండదు. ఆరు తంత్రుల ధ్వని కలిసిపోకుండుటకు ఒక్కొక్క తంత్రి క్రింద ఒక్కొక్క చిన్న పికప్ వేరుగా అమర్చవలసి వచ్చినది.

ఈ చిక్కును విప్పుటకు పెక్కుమంది యత్నించినారు. 1972లో ఒసాకా నగరమున ఇకుతారో కకెహాషి స్థాపించిన రోలాండ్ సంస్థ 1977లో జి.ఆర్.-500 అను గిటార్ సింథసైజర్‌ను వెలువరించినది. అదే సంస్థ 1980లో తెచ్చిన జి.ఆర్.-300 ఈ జాతి వాద్యములకు పేరు తెచ్చినది. అది అనేక నాదములను అనుకరింపజూచిన యంత్రము కాదు. ప్రతి తంత్రికిని ఒక రంపపుపంటి ఆకారపు కంపనమును జోడించి, ఫిల్టరుతో దానిని తెరచి మూయును. దాని నాదము బాకాను పోలినను బాకా కాదు. అమెరికా గిటార్ విద్వాంసుడు ప్యాట్ మెథనీ 1982 నాటి ‘ఆఫ్‌ర్యాంప్’ సంపుటములో దానిని వాయించి, దానికొక సొంత గొంతు ఉన్నదని నిరూపించినాడు. 1983లో మిడి అను సంకేత భాష వచ్చుటతో ఒక వాద్యము మీటి మరొక వాద్యమును పలికించుట సులభమైనది. 1995 నాటి వి.జి.-8 స్వరమును లెక్కించుట మాని తంత్రి కంపనమునే నేరుగా మలచుటకు పూనుకొన్నది. అందువలన ఆలస్యము తొలగినది. 2011 నాటి జి.ఆర్.-55 ఈ రెండు పద్ధతులను ఒకే పెట్టెలో కూర్చినది.

ఇట్టి వాద్యమున పాత హామండ్ ఆర్గన్ నాదమును పలికింపవలెనని ఒక వాదకుడు సంకల్పించినాడనుకొనుడు. 1935లో చికాగోలో వెలువడిన ఆ ఆర్గన్‌లో 91 లోహ చక్రములు తిరుగుచు నాదములను పుట్టించును. 9 లాగుడు కడ్డీలు వాని పాళ్లను నిర్ణయించును. ఆ పాళ్లను అమర్చుట కష్టము కాదు. అమర్చిన పిమ్మట కూడ అది ఆర్గన్‌గా వినిపించదు. కారణము గిటార్ వాదకుని చేతిలో ఉన్నది. ఆర్గన్ మెట్టును మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ధ్వని ఒక్కటే. కనుక తంత్రిని మీటిన బలము ధ్వనిపై పనిచేయకుండ ఆపవలెను. ఆర్గన్ స్వరము మెట్టు వదలువరకు తగ్గదు. తంత్రి మీటిన వెంటనే తగ్గనారంభించును. కనుక తగ్గుదలను తీసివేయవలెను. ఆర్గన్ స్వరము జారదు. కనుక వాదకుడు తంత్రిని లాగు అలవాటును మానుకొనవలెను. చివరకు మిగులునది మెట్టు తగిలినప్పటి చిన్న ‘టిక్కు’ మను చప్పుడు. దానిని లోపముగా భావించి హామండ్ నిర్మాతలు తొలగింపజూచినారు. వాదకులు దానినే ప్రేమించినారు. నేడు ఆ చప్పుడు లేని ఆర్గన్ అమరికను ఎవరును నమ్మరు.

1963లో ఇంగ్లండు బర్మింగ్‌హాములో పుట్టిన మెలోట్రాన్ సంగతి మరింత విచిత్రము. దానిలో ప్రతి మెట్టు క్రిందను ఒక టేపు ఉండును. ఆ టేపుపై నిజమైన వేణువు లేక వయొలిన్ ధ్వని ముద్రింపబడి ఉండును. మెట్టు నొక్కినంతనే టేపు నడచును; సుమారు 8 సెకనులకు అయిపోవును. ధ్వనిలో టేపు వణకు ఉండును. ఒక వేణువు కొరకు పుట్టిన ఈ నకలు 1967లో బీటిల్స్ పాటలలో వినబడిన పిమ్మట తానే కోరదగిన నాదమైనది. గిటార్ సింథసైజర్‌లో మెలోట్రాన్ వేణువును అమర్చువాడు శుద్ధమైన వేణు నాదమును తీసుకొన్నచో ఓడిపోవును. ఆ వణకును, ఆ మసకను, 8 సెకనులకు తెగిపోవు ఆ గుణమును అతడు కష్టపడి తిరిగి చేర్చవలెను. పూర్వులు దిగమ్రింగలేక దిగమ్రింగిన లోపములను వారసుడు అంకెలు వేసి కొనితెచ్చుకొనుచున్నాడు. జి.ఆర్.-300 గతియు అదియే అయినది: 2007 నాటి వి.జి.-99లో దాని నాదమే అనుకరింపదగిన పాత నాదముల జాబితాలో చేరినది.

అనుకరణలో ఓడిపోయినవి కూడ చరిత్రలో గెలిచినవి. 1981లో రోలాండ్ సంస్థ బాస్ గిటార్‌కు బదులుగా టి.బి.-303 అను చిన్న యంత్రమును తెచ్చినది. అది బాస్ గిటార్‌ను పోలనే లేదు. 1984లో దాని ఉత్పత్తి నిలిచిపోయినది. బొంబాయి చలనచిత్ర వాద్యబృందములలో గిటార్ వాయించిన చరణ్‌జీత్ సింగ్ ఈ యంత్రమును, దాని తోబుట్టువులను కొని, పది రాగములను డిస్కో లయకు అమర్చి 1982లో గ్రామఫోన్ రికార్డుగా వెలువరించినాడు. జారుచు మెలికలు తిరుగు ఆ యంత్రపు స్వరము బాస్ గిటార్‌కు అక్కరకు రాకపోయినను రాగసంచారమునకు అక్కరకు వచ్చినది. అప్పుడు ఆ రికార్డును పట్టించుకొన్నవారు తక్కువ. అయిదేండ్ల తరువాత అమెరికాలో చికాగో నృత్యశాలల నుండి అదే యంత్రపు స్వరము ప్రపంచమంతట వ్యాపించినది. 2010లో సింగ్ రికార్డు పునర్ముద్రణ పొందినప్పుడు శ్రోతలు ఆశ్చర్యపడినారు. నేడు టి.బి.-303 స్వరమును అనుకరించు యంత్రములు అనేకము.

తెలుగు సంగీతాభిమానికి ఇక్కడ ఒక శంక కలుగవచ్చును. అంకెలలో గమకము ఇముడునా? మిడి భాషలో 128 స్వరస్థానములు కలవు. రెండు స్థానముల నడుమ జారుటకు వేరొక సంకేతము కలదు. సాధారణముగా ఆ జారుడు అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరములకు పరిమితమై ఉండును. ఆ హద్దును పండ్రెండుకో, అంతకు మించియో పెంచి, ఆరు తంత్రులకు ఆరు వేరు మార్గములు ఇచ్చినచో, తంత్రిని లాగిన మేరకు స్వరము సాగును. ఈ పాటి అమరిక చేయని గిటార్ సింథసైజర్‌పై కాంభోజి మెట్లు దిగిన వానివలె కుంటును. చేసినను, ప్రతి ఊపును యంత్రము విని లెక్కించి చెప్పవలసినదే. ఊపు వేగము హెచ్చినకొలది వెనుకబడును. ఈ చిక్కుకు మరొక దారి చూపినవాడు పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్. మాండలిన్‌పై ఉండు నాలుగు జంట తంత్రులను తీసివేసి, అయిదు ఒంటి తంత్రులను ఎక్కించి, విద్యుత్ పికప్‌తో నాదమును నిలిపినాడు. 2014లో మరణించు నాటికి ఆ వాద్యము కర్ణాటక సంగీత వేదికపై స్థిరపడినది. ఆయన వీణను అనుకరింపలేదు. వీణ ఏమి చేయుచున్నదో గ్రహించి, దానికి కావలసిన స్థలమును మరొక వాద్యములో కల్పించినాడు.

ఇందలి నష్టమును చెప్పక విడుచుట న్యాయము కాదు. 1980ల తరువాత మద్రాసు, బొంబాయి చిత్రశాలలలో ఒక్క కీబోర్డు పలువురు వాద్యగాండ్ర పనిని తీసుకొన్నది. షెహనాయి ఊదువానిని పిలుచుటకు బదులుగా షెహనాయి అమరికను తెరచుట అలవాటైనది. పిలుపు రానివాని కుమారుడు ఆ విద్య నేర్వడు. ఒక తరము గడచిన పిమ్మట అమరికను సరిచూచుకొనుటకు అసలు నాదమే లభింపదు. అప్పుడు అనుకరణ దేనికి అనుకరణయో చెప్పగలవారు ఉండరు. పాత నాదములను అమర్చువాని చేతిలో ఉన్నది కేవలము వినోదము కాదు, సాక్ష్యము. అతడు ఏ గుణమును విడిచిపెట్టునో ఆ గుణము తరువాతి తరమునకు లేనట్లే.

కావున అతని ధర్మము రెండు విధములు. మొదటిది, యంత్రపు జాబితాలోని పేరును నమ్మక అసలు వాద్యమును, అది జీవించియున్న చోటికి వెళ్లి, వినుట. లేనిచో పాత రికార్డులోనైనను వినుట. రెండవది, తాను పలికించినది ఏదో ఆ పేరుతోనే చెప్పుట. క్లావియోలిన్ నాగస్వరముగా చలామణియగుట వలన క్లావియోలిన్‌కు గౌరవము తగ్గినది, నాగస్వరమునకు జ్ఞాపకము తగ్గినది. రాగి జరీని రాగి జరీ అని చెప్పి అమ్మిన సూరతు వర్తకుడు వెండి జరీకి కూడ మేలు చేసినాడు. ఏది వెండియో కొనువానికి తెలిసియుండుటకు అతడు తోడ్పడినాడు. నాదముల బజారునకును ఆ నీతియే చాలును.